ఎముక పెరగాలి, లెక్క దాచకూడదు

ప్రమాదంలో కాలి ఎముక నుజ్జయి మధ్యలో ఖాళీ మిగిలితే, రోగి తుంటి నుంచే కొంత ఎముక తీసి అక్కడ నింపడం సర్జన్లు ఏళ్లుగా చేస్తున్న పని. తీసినచోట ఇంకో గాయం, ఇంకో నొప్పి. తీయగలిగేదీ కొంతే. కాల్షియం ఫాస్ఫేట్ సిమెంటు మీద ఆశ పుట్టింది ఇందుకే. పొడిలో ద్రవం కలిపితే ముద్దవుతుంది. సిరంజితో ఎక్కిస్తే వంకరటింకర సందుల్లోకీ చేరి శరీరం వేడికే గట్టిపడుతుంది. 1980లలో అమెరికాలో బ్రౌన్, చౌ రూపొందించిన ఈ పదార్థాన్ని తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య పరిశోధన సంస్థ మన దేశంలోనూ తయారుచేసింది. అయితే అది ఖాళీని పూడ్చి ఆధారమిస్తుందే తప్ప, ఎముకను పుట్టించే శక్తి దానికి లేదు. అందుకే ఆ పని చేసే బీఎంపీ-2 వంటి ప్రోటీన్లను సిమెంటులోనే కలపాలని చూస్తున్నారు.

ప్రయత్నం మంచిదే. కానీ బీఎంపీ-2 గతం చూడకుండా ముందుకెళ్లడం తప్పు. 2002లో అమెరికాలో మెడ్‌ట్రానిక్ కంపెనీ ఈ ప్రోటీన్‌తో తెచ్చిన 'ఇన్‌ఫ్యూజ్'కు నడుము వెన్నుపూసలను అతికించే ఆపరేషన్ల కోసం అనుమతి వచ్చింది. కొల్లాజెన్ స్పాంజిలో మిల్లీలీటరుకు 1.5 మిల్లీగ్రాముల ప్రోటీన్ నింపి వాడారు. ఎముకలో సహజంగా ఉండేదానికి ఇది ఎన్నో రెట్లు. అనుమతి లేని మెడ ఆపరేషన్లలోనూ వాడగా, గొంతు వాచి ఊపిరాడని కేసులు రావడంతో 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. కంపెనీ డబ్బుతో జరిగిన అధ్యయనాలు దుష్ఫలితాలను బాగా తగ్గించి చూపాయని 2011లో వెన్నెముక వైద్యుల పత్రికే బయటపెట్టింది. రోగుల పూర్తి వివరాలు స్వతంత్ర నిపుణుల చేతికి వచ్చాక, 2013లో తేలింది ఇది: వెన్ను ఆపరేషన్లలో తుంటి ఎముకకన్నా దీనివల్ల స్పష్టమైన అదనపు మేలు లేదు.

స్పాంజి వేరు, సిమెంటు వేరు, సిమెంటు ప్రోటీన్‌ను మెల్లగా వదులుతుంది కదా అంటారు. నిజమే, దాని బలమూ అదే. కానీ మరీ గట్టిగా పట్టి ఉంచితే మందు పనిచేయదు, ఒక్కసారిగా వదిలితే పాత ముప్పే. ఎంత, ఎన్ని రోజుల్లో బయటికొస్తుందో మనుషుల్లోనే తేలాలి. కుందేళ్ల మీద ప్రయోగాల ఫలితాలు చాలవు. కఠిన షరతులు పెడితే ఎముక అతుక్కోక ఏళ్లుగా మంచాన ఉన్నవారికి అన్యాయమన్న వాదననూ కొట్టిపారేయలేం. వారికి ముందుగా అందాల్సిందే, కానీ ప్రయోగమని చెప్పి, ప్రతి కేసునూ నమోదుచేసి. 2009 నుంచి మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు తప్పనిసరి. అది చాలదు. వ్యక్తుల పేర్లు తీసేసిన పూర్తి డేటాను స్వతంత్ర నిపుణులకు ఇచ్చాకే ఇలాంటి సిమెంటుకు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అమ్మకపు అనుమతి ఇవ్వాలి.