వీథి యెవరిది?

పేటలోని వీథులు కార్లతో నిండినపుడు, వానిని నిలుపుకొనుటకు అచ్చటి నివాసులకే పర్మిట్లిచ్చుట న్యాయమా? అమెరికాలో వర్జీనియా రాష్ట్రమందలి ఆర్లింగ్టను కౌంటీవారు, సమీప వాణిజ్యకేంద్రమునకు వచ్చు ఉద్యోగుల కార్లు అరోరా హైలాండ్సు పేట నాక్రమింపగా, పనిదినములలో పగటివేళ నివాసులకు, వారి యిండ్లకు వచ్చువారికి మాత్రమే అనుమతినిచ్చు శాసనము చేసిరి. అది సమానత్వమునకు విరుద్ధమని రాష్ట్ర న్యాయస్థానము కొట్టివేయగా, 1977లో అమెరికా సుప్రీముకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చెను. రద్దీని, పొగను, రొదను తగ్గించుట ప్రజాప్రయోజనమే గదా!

మేము దీనితో ఏకీభవింతుము. కాని చోటుకు మించి పర్మిట్లిచ్చినచో, బయటివారితోడి కలహము ఇరుగుపొరుగుల కలహమగును. జపానులో 1962 నాటి చట్టము, వీథిలో గాక వేఱొకచోట కారునకు స్థలము చూపవలసిన భారము యజమానిపైననే మోపినది. వీథి సర్వజనులది. స్థలములను లెక్కింపక పర్మిట్లను పంచు పురపాలకులు పంచునది కాగితమే గాని చోటు గాదు.