గీతలు కలిసే చోటు

జంషెడ్‌పూర్ వెళ్లేవారు దిగేది టాటానగర్‌లో. 1919 వరకు కాళీమాటిగా ఉన్న ఈ స్టేషన్ మీదుగా నడిచే ప్రతి రైలూ కంట్రోల్ ఆఫీసు చార్టులో ఒక గీత. అడ్డంగా కాలం, నిలువుగా దూరం. వేగం పెరిగితే గీత నిటారుగా లేస్తుంది. బండి ఆగితే అడ్డంగా పడుకుంటుంది. తొమ్మిదో తరగతి పిల్లలను హడలెత్తించే 'రెండు చరరాశులలో రేఖీయ సమీకరణం' చేసే పని ఇదే.

హౌరా-టాటానగర్ దూరం సుమారు 250 కి.మీ. టాటానగర్ నుంచి గంటకు 50 కి.మీ. వేగంతో గూడ్సు, అదే సమయానికి హౌరా నుంచి 75 కి.మీ. వేగంతో ఎక్స్‌ప్రెస్ బయల్దేరి, ఎక్కడా ఆగకుండా వస్తున్నాయనుకుందాం. గడిచిన గంటలు 'కా', టాటానగర్ నుంచి దూరం 'దూ' అయితే గూడ్సుకు దూ = 50కా, ఎక్స్‌ప్రెస్‌కు దూ = 250 - 75కా. గీత గీయడానికి రెండు బిందువులు చాలు. మొదటిదానికి (0, 0), (1, 50). రెండోదానికి (0, 250), (1, 175). పొడిగిస్తే రెండూ (2, 100) వద్ద ఖండించుకుంటాయి. అంటే రెండు గంటల తర్వాత, ఝార్‌గ్రామ్ దరిదాపుల్లో.

రాకపోకలకు వేర్వేరు లైన్లుంటే అది ఉత్త పలకరింపే. సింగిల్ లైనైతే మాత్రం ఆ బిందువు స్టేషన్‌లోనే పడాలి. అందుకే కంట్రోలర్ ఒక బండిని ముందే లూప్‌లైన్‌లో నిలిపి గీతను జరుపుతాడు. పెన్సిల్ స్థానంలో కంప్యూటర్ వచ్చినా సూత్రం మారలేదు. ఖండన బిందువు తప్పితే పరీక్షలో పోయేది మార్కులే. పట్టాల మీద లెక్క వేరు.