అందంగా కనపడాలంటే ముందు కనపడాలి

సాయంత్రం ట్యూషన్లు వదిలే వేళకి ఝపటాపూర్ వీధుల నిండా సైకిళ్ళే. ఖరగ్‌పూర్ మొదటినుంచీ సైకిళ్ళ ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన తాతలు, ముత్తాతలు సైకిళ్ళ మీదే వర్క్‌షాపుకి వెళ్ళేవారని ఇళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1951లో మొదలైన ఐఐటీలో ఈనాటికీ విద్యార్థులు తరగతికి వెళ్ళేది సైకిలు మీదే.

మేము నలుగురం పదో తరగతి చదువుతున్నాం. ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. ఆదివారం పొద్దున్నే సాలువా వైపు సైకిళ్ళు తొక్కడం మా అలవాటు. ఈ ఏడాది మా గుంపులోకి గేరు సైకిళ్ళు వచ్చాయి. వాటి వెనకే బట్టల మోజు కూడా వచ్చింది. ఎవరి జెర్సీ ఏ కంపెనీది, ఎవరి కళ్ళద్దాలు ఎంత ఖరీదు అన్నదే మాట్లాడుకునేవాళ్ళం. స్టైలు తప్పని మేము అనడం లేదు. మన వయసులో బాగా కనపడాలని ఎవరికుండదు? కానీ స్టైలు అంటే ఏమిటో మేము తప్పుగా అర్థం చేసుకున్నాం. అది ఒప్పుకోవడానికే ఈ వ్యాసం.

గత ఏడాది వాల్తేరు నుంచి బదిలీ మీద ఒక మిత్రుడు మా తరగతికి వచ్చాడు. వాళ్ళ నాన్నగారిది ట్రాక్ మీద పని. చీకటి పడ్డాక సైకిలు ఎక్కితే అతను నాన్నగారి పాత నారింజ రంగు జాకెట్టు వేసుకునేవాడు. వెలుతురు పడితే మెరిసే పట్టీలున్న జాకెట్టు అది. దాన్ని చూసి మేము నవ్వాం. "గ్యాంగ్‌మన్ వచ్చాడ్రా!" అన్నాం. అతను ఏమీ అనలేదు. జాకెట్టు మాత్రం మానలేదు.

వైశాఖంలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి వెలిసింది. కరెంటు లేదు. అందరం వరసగా ఇంటికి వస్తున్నాం. మాలో ఒకడు కొత్తగా కొన్న నల్ల జెర్సీ, నల్ల ప్యాంటు వేసుకున్నాడు. ఎదురుగా వస్తున్న టోటో అతని హ్యాండిలుకి రాసుకుంటూ పోయింది. మోకాలు, అరచెయ్యి చెక్కుకుపోయాయి. టోటో అతను మంచివాడే. దిగి వచ్చి లేవదీసి, "ముందు వెళ్ళిన అబ్బాయి దూరం నుంచే కనిపించాడు బాబూ, నువ్వు మాత్రం దగ్గరికి వచ్చేదాకా కనపడలేదు" అన్నాడు. ముందు వెళ్ళింది ఆ నారింజ జాకెట్టే.

ఆ రాత్రి మాకు రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, జాకెట్టు అంటే ఏమిటో మాకు తెలియదు. రెండు, మేము నవ్వింది జాకెట్టును చూసి కాదు, అతని నాన్నగారి పనిని చూసి. పట్టాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసేవాళ్ళు ఉండబట్టే మన ఊరి మీదుగా రైళ్ళు నడుస్తున్నాయి. రైల్వే పిల్లలమై ఉండి ఆ బట్టను వెక్కిరించాం. మరునాడు నలుగురం వెళ్ళి క్షమాపణ అడిగాం.

తరువాత ఈ బట్టల సంగతి కొంచెం చదివాం. ప్రపంచంలో అన్నిటికంటే పేరున్న సైకిలు చొక్కా టూర్ ద ఫ్రాన్స్ పోటీలోని పసుపు జెర్సీ. అది 1919లో మొదలైంది. రోడ్డు పక్కన నిలబడ్డ జనానికి మొత్తం మీద ముందున్నది ఎవరో గుర్తుపట్టేలా ఉండాలనే దాన్ని పెట్టారు. అప్పట్లో పోటీ నడిపిన పత్రిక అచ్చయిన కాగితం రంగు కూడా పసుపే. మొదట వేసుకున్న యూజీన్ క్రిస్టోఫ్‌ను జనం కెనరీ పిట్ట అని ఎగతాళి చేశారట. ఈనాడు ఆ చొక్కా కోసం ప్రాణం పెట్టి తొక్కుతారు. అంటే ఆ స్టైలు పుట్టిందే కనపడటం కోసం.

మిగతావాటికి కూడా కారణాలున్నాయి. జెర్సీ ఒంటికి అంటుకుని ఉండేది సోకు కోసం కాదు. వేగం పెరిగేకొద్దీ మనల్ని ఎక్కువగా ఆపేది గాలి. వదులు చొక్కా తెరచాపలా ఉబ్బుతుంది. ముందుకి వంగి తొక్కుతాం కాబట్టి జెర్సీ వెనకవైపు పొడుగ్గా ఉంటుంది, జేబులూ వీపు మీదే ఉంటాయి. షార్ట్స్‌లో మెత్త ఉండేది గంటల తరబడి సీటు మీద కూర్చుంటే ఒరుసుకోకుండా. దాన్ని వాడిన ప్రతిసారీ ఉతకాలి, లేకపోతే చెమటకి కురుపులు లేస్తాయి. నూలు బనియను చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది. సన్నని పాలిస్టరు తొందరగా ఆరుతుంది. మన ఊరి ఉక్కలో ఆ తేడా అరగంటలో తెలుస్తుంది.

ఇంత చదివాక మాకు నవ్వొచ్చింది. తొందరగా ఆరే సన్నని పాలిస్టరు, తేలిక బరువు... ఇవన్నీ మన హౌస్ టీ షర్టులో ఉన్నాయి! అలమరలో ఉన్నదాని కోసం మేము అమ్మానాన్నలను వేలకు వేలు అడిగాం.

మేము పెట్టుకున్న నియమాలు ఇవి. పగలు మెరిసే రంగు ఒక్కటైనా ఒంటి మీద ఉండాలి, మిగతాది ఏ రంగైనా సరే. చీకటిలో మెరిసే రంగు చాలదు, హెడ్‌లైటు వెలుతురును తిప్పి పంపే పట్టీ కావాలి. దాన్ని చీలమండ దగ్గర కట్టుకుంటే ఇంకా మంచిది. కాలు పైకీ కిందికీ కదులుతుంటే అది మనిషని దూరం నుంచే తెలుస్తుంది. ప్యాంటు అంచు గొలుసులో పడకుండా రబ్బరు బ్యాండు వెయ్యాలి. తాతల కాలంలో దానికే ఇనుప క్లిప్పు పెట్టుకునేవారు. బూటు లేసు లోపలికి దోపుకోవాలి. హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ళ పైన తిన్నగా కూర్చోవాలి, వెనక్కి వాలకూడదు. గట్టి దెబ్బ తగిలితే దాన్ని మార్చెయ్యాలి.

మాలోని అమ్మాయిల మాట కూడా చెప్పాలి. చున్నీ చక్రంలో పడితే మెడకి ఉరి అవుతుంది. అందుకే సైకిలు ఎక్కేటప్పుడు చున్నీ మడిచి సంచిలో పెడతాం, లెగ్గింగ్ మీద పొడుగు టీ షర్టు వేసుకుంటాం. "ఆడపిల్లలకి ఈ వేషాలేమిటి" అనే పెద్దలకు మా మనవి ఒక్కటే. మేము క్షేమంగా ఇంటికి రావాలనే కదా మీకూ ఉన్నది? ఈ బట్టలూ అందుకే.

"రెండు కిలోమీటర్ల బడికి ఇంత హడావుడి ఎందుకు?" అని కొందరు మిత్రులు అంటారు. నిజమే, బడికి జెర్సీ అక్కర్లేదు. కానీ ఆ టోటో తగిలింది ఇంటికి నాలుగు వీధుల దూరంలోనే.

మనం బదిలీల మీద తిరిగే పిల్లలం. రేపు ఆర్డరు వస్తే సైకిలును గోనెసంచి చుట్టి పార్సిల్లో వేస్తాం. పోయే ఊరు జమ్మూ కావచ్చు, చెన్నై కావచ్చు. చలి ఊరైతే లోపల పలచటిది, పైన గాలి ఆపేది వేసుకుంటే సరిపోతుంది. హైదరాబాదు అయితే 2023లో మొదలైన సౌర కప్పు కింద సైకిలు దారి ఉంది, నీడలో తొక్కవచ్చు. ఎక్కడికి వెళ్ళినా కొత్త ఊరు పరిచయమయ్యేది సైకిలు మీదే. అక్కడా ఎవరో ఒకరు మన బట్టలు చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి. కొత్తగా వచ్చినవాణ్ణి చూసి మీరు మాత్రం నవ్వకండి.

మా మిత్రుడి నాన్నగారికి మళ్ళీ బదిలీ అయింది. జనవరిలో వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆదివారాలు మేము నలుగురం మెరిసే పట్టీలున్న నారింజ జాకెట్లు వేసుకుని సాలువా రోడ్డు మీద కనిపిస్తాం. దూరం నుంచే కనిపిస్తాం.