ఉబ్బసపు మందులు – పరీక్ష

ఉబ్బసము శ్వాసనాళములు బిగిసికొనుటచేత మాత్రమే కలుగు వ్యాధి కాదు. వాని లోపలి పొరకు గలిగిన వాపు దానికి మూలము. బిగువును సడలించు మందు పీల్చినంతనే ఆయాసము తీరును. రోగి తనకు స్వస్థత చేకూరెనని తలంచును. కాని లోపలి వాపు అట్లే యుండి, మఱియొకనాడు ప్రాణముమీదికి దెచ్చును.

ఈ భేదమును నిగ్గుదేల్చిన పరీక్షలలో 2018లో వెల్లడియైన సిగ్మా పరీక్ష ముఖ్యమైనది. స్వల్పముగా ఉబ్బసము గల 3,849 మందిని చీట్లు వేసిన చందమున మూడు వర్గములుగా జేసి, ఏడాదిపాటు పరిశీలించిరి. మొదటి వర్గమువారికి ఆయాసము వచ్చినపుడు సడలించు మందగు టెర్బుటలిన్ మాత్రమే యిచ్చిరి. రెండవవారికి అట్టి సమయమందే వాపు నణచు బుడెసొనైడును, సడలించు ఫార్మోటెరాలును గలిపి యిచ్చిరి. మూడవవారికి బుడెసొనైడు ప్రతిదినము రెండుమాఱులిచ్చి, ఆయాసమునకు టెర్బుటలిన్ నిచ్చిరి. ఎవరి కేది యిచ్చిరో రోగికిగాని వైద్యునికిగాని తెలియనీయలేదు. తీవ్రమైన విజృంభణలు మొదటి వర్గమునకంటె రెండవ వర్గమున నూటికి 64 వంతులు తక్కువయ్యెను. ఈ విషయమున మూడవ వర్గమును రెండవదియు నించుమించు సమానమే. వాడిన బుడెసొనైడు మాత్రము రెండవవారికి ఆఱవ వంతే. అయినను దినదిన లక్షణముల నదుపులో నుంచుటయందు నిత్యము వాడినవారే మెఱుగుగా నుండిరి. ఈ పరీక్షకు ధనమిచ్చినది ఆ మందు నమ్ము ఆస్ట్రాజెనెకా కంపెనీయే యని పాఠకులు మఱువరాదు. 2019లో అంతర్జాతీయ ఉబ్బస సంస్థయగు గినా, పెద్దలకును కౌమారవయస్కులకును సడలించు మందు నొక్కదానినే యీయరాదని నిర్ణయించెను.

మృగశిర కార్తెనాడు హైదరాబాదున చేపమందునకై వేలకొలది జనులు బారులు తీరుదురు. దాని పాళ్లు నేటికిని బహిరంగము కాలేదు. ఉచితముగా నిచ్చువారి ఔదార్యమును మేము శంకింపము. కాని ఔదార్యము పరీక్షకు బదులు కానేరదు. మేము స్వదేశీయమును గోరువారమే. స్వదేశాభిమాన మనగా పరీక్షకు వెఱచుట కాదు. కంపెనీ మందైనను తాతలనాటి మందైనను ఒక్క త్రాసుననే తూగవలయును.

ప్రపంచమున ఉబ్బసరోగులలో నూటికి 13 మంది మన దేశీయులనియు, ఆ వ్యాధిచే మృతినొందువారిలో నూటికి 40కి మించి మనవారేయనియు 2019 నాటి లెక్కలను బట్టి అంచనా. కలవారు మందును కొనుక్కొనగలరు, కూలివాడు కొనలేడు. కావున వాపు నణచు పీల్పుమందులను ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునందును ఎడతెగక నుంచి, పీల్చు విధమును రోగులకు నేర్పింపవలసినదిగా ఉభయ తెలుగు ప్రభుత్వములను కోరుచున్నాము. పీల్పుమందు మొదలుపెట్టిన మానరానిదను అపోహను గ్రామములలో పెద్దలే తొలగింపవలయును. పరీక్షలో నెగ్గిన మందు పేదవానికి చేరనిచో ఆ పరీక్ష వలన మనకు గలుగు ప్రయోజనము శూన్యము.