స్ప్రింక్లర్లు ఉన్నాయి సరే.. వాల్వ్ తెరిచే ఉందా?

భవనంలో మంటలు రేగిన ప్రతిసారీ వినిపించే ప్రశ్న ఒకటే.. స్ప్రింక్లర్లు ఉన్నాయా, లేవా? 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో 8 మంది, 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు చనిపోయాక కూడా చర్చంతా ఎన్‌ఓసీలు, పరికరాల చుట్టూనే తిరిగింది. పరికరాలు ఉన్నా, వాటికి నీళ్లు వెళ్లే దారి తెరిచి ఉందా అని అడిగేవాళ్లు తక్కువ.

ఆ దారి చాలా భవనాల్లో బటర్‌ఫ్లై వాల్వ్ చేతిలో ఉంటుంది. పైపు లోపల గుండ్రటి బిళ్ల.. పావు వంతు తిప్పితే నీళ్లు బంద్. గేట్ వాల్వ్ కంటే తేలిక, ఇరుకు షాఫ్టుల్లోనూ పడుతుంది. అందుకే బిల్డర్లకు ఇష్టం.

అయితే మామూలు నీళ్ల లైన్‌కు వాడే లివర్ వాల్వ్ ఇక్కడ పనికిరాదు. ఒక్క ఊపున మూస్తే నీటి దెబ్బకు పైపులు అదిరిపోతాయి. అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 13 ప్రకారం ఫైర్ లైన్ వాల్వ్ 5 సెకన్లలోపు మూతపడకూడదు. అందుకే గేరు, చక్రం పెడతారు. తెరిచి ఉందో లేదో చూపే సూచిక కూడా ఉండాలి. చక్రాన్ని ఎవరైనా కదిపితే కంట్రోల్ ప్యానెల్‌కు సిగ్నల్ పంపే ట్యాంపర్ స్విచ్ మరొకటి. ఖర్చు తగ్గించాలంటే ముందు ఎగిరిపోయేది ఈ స్విచ్చే!

అసలు సమస్య మాత్రం మనుషులతోనే. ఫాల్స్ సీలింగ్ పనికో, లీకేజీకో వాల్వ్ మూస్తారు. పని అయిపోతుంది.. ప్లంబర్ వెళ్లిపోతాడు.. వాల్వ్ అలాగే ఉండిపోతుంది. నీళ్లు రావడం లేదని ఫిర్యాదు చేసేవాళ్లెవరూ ఉండరు, ఎందుకంటే ఆ నీళ్లు రోజూ ఎవరికీ అక్కర్లేదు. అమెరికాలో స్ప్రింక్లర్లు పనిచేయని అగ్నిప్రమాదాలను విశ్లేషిస్తే, సగానికి పైగా ఘటనల్లో కారణం సిస్టమ్‌ను ఆపేసి ఉంచడమేనని తేలింది. 68 డిగ్రీలకు ఎర్ర గాజు బల్బు పగిలినా, పైపులో ఒత్తిడి లేకపోతే ఏం లాభం?

సగం మూసిన వాల్వ్‌ది ఇంకో తంటా. గేజ్‌లో ప్రెషర్ మామూలుగానే కనిపిస్తుంది, నీరు పారితేనే లోటు బయటపడుతుంది. అందుకే వాల్వ్ మూసి మళ్లీ తెరిచిన ప్రతిసారీ మెయిన్ డ్రెయిన్ వదిలి, ప్రెషర్ ఎంత పడిపోతోందో పాత రికార్డుతో పోల్చాలని ఎన్‌ఎఫ్‌పీఏ 25 చెబుతోంది. దీనికి పట్టే సమయం నిమిషాలే. మన అపార్ట్‌మెంట్ సంఘాలు లిఫ్టుకు ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు తప్పకుండా రాసుకుంటాయి. ఫైర్ లైన్ విషయానికొస్తే, చాలాచోట్ల ఆ వాల్వ్ ఏ అంతస్తులో ఉందో వాచ్‌మన్‌కు కూడా తెలియదు.