నొప్పుల వేళ వేన్నీళ్ళు

“మా అమ్మాయికి తొలిచూలు. పురిటికి మా ఇంటికే వచ్చింది. నొప్పులు పడేటప్పుడు నడుముమీద వేన్నీళ్ళు పోస్తే హాయిగా ఉంటుందని స్నేహితురాలు చెప్పిందట. మా అత్తగారేమో బిడ్డకు పడిశం పడుతుంది, వద్దంటున్నారు. ఏం చెయ్యమంటారు?” అని ఒక సోదరి అడిగారు.

గోరువెచ్చని నీళ్ళవల్ల కడుపులో బిడ్డకు పడిశం పట్టదు. భయమల్లా మరీ వేడినీళ్ళతోనే. తల్లి ఒళ్ళు కాగితే ఆ వేడి బిడ్డకూ తగులుతుంది. అందుకే తొట్టెలో కూర్చునే నీళ్ళు 37.5 డిగ్రీలు దాటకూడదని ఇంగ్లండులో నియమం పెట్టుకున్నారు. అంటే ఇంచుమించు మన ఒంటివేడి అన్నమాట. మీరు మోచెయ్యి ముంచి చూడండి. చురుక్కుమంటే చన్నీళ్ళు కలపవలసిందే.

ఫ్రాన్సులో పితివియే అనే చిన్న ఊరి ఆస్పత్రిలో మిషెల్ ఒదాన్ అనే డాక్టరు 1970ల్లోనే పురిటివారి కోసం నీటితొట్టె పెట్టించారు. నీళ్ళలో నడుముమీద బరువు తగ్గుతుంది, బిగుసుకున్న కండరాలు సడలుతాయి, అటూ ఇటూ కదలడం తేలికవుతుంది. తర్వాత అనేక దేశాల్లో దీన్ని పరీక్షించారు. అటువంటి 15 పరీక్షలను, 3,663 మంది స్త్రీల వివరాలను కలిపి చూసిన సమీక్ష 2018లో వెలువడింది. కాన్పు మొదటి దశలో నీళ్ళలో ఉన్నవారికి నడుములో మత్తుమందు ఇవ్వవలసిన అవసరం కొద్దిగా తగ్గింది. తల్లికీ బిడ్డకూ హాని పెరిగిన దాఖలా కనబడలేదు. కొద్దిగానే సుమండీ! నొప్పి మాయమవుతుందని ఎవరూ అనలేదు. బిడ్డను నీళ్ళలోనే కనడం వేరే సంగతి. అది ఇంట్లో ప్రయత్నించే పని కాదు.

మనకు తొట్టె లేకపోయినా ఫరవాలేదు. నొప్పులు ఇంకా దూరదూరంగా వస్తున్నప్పుడు స్నానాలగదిలో జారని పీట వేసి కూర్చోబెట్టండి. నడుముమీద చెంబుతో నెమ్మదిగా, ధారగా పొయ్యండి. పక్కన ఒకరు ఉండితీరాలి. తలుపు గడియ వెయ్యనివ్వకండి. గుక్కెడు మంచినీళ్ళు తాగిస్తూ ఉండండి. స్నానం వద్దంటే, వేన్నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన తువ్వాలుతో కాపడం పెట్టవచ్చు. ముందు మీ మణికట్టుమీద ఆనించి చూసుకోవడం మరవకండి.

నెలలు నిండకుండా నొప్పులు వచ్చినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, జ్వరం ఉన్నా, రక్తపోటు ఎక్కువైనా, బిడ్డ కదలిక తగ్గినా ఈ స్నానాలు పెట్టుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. నొప్పికి సూదిమందు ఇచ్చి మగతగా ఉన్నప్పుడు తొట్టెలో దిగనివ్వకూడదు. వేన్నీళ్ళు నొప్పిని ఓర్చుకునేందుకు సాయపడతాయిగాని, కాన్పును ఆపవు. కాస్త సుఖంగా ఉందికదా అని బయలుదేరడం ఆలస్యం చేస్తే మొదటికే మోసం.

మీ అత్తగారికి మరో మాట కూడా చెప్పండి. “మేమందరం కనలేదూ, నోరుమూసుకుని ఓర్చుకో” అనడం మన ఇళ్ళలో అలవాటు. భయపడి బిగుసుకుపోయిన పిల్లకు నొప్పి మరింత ఎక్కువగా తెలుస్తుంది. తనకు కావలసిన మనిషి పక్కన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. నొప్పి తగ్గేందుకు ఒళ్ళు మర్దనా చెయ్యడం, కాపడం పెట్టడం కూడా ఆ సిఫారసుల్లో ఉన్నాయి.

కనుక ఈసారి పరీక్షకు వెళ్ళినప్పుడే డాక్టరుగారిని అడగండి: మా అమ్మాయికి స్నానం చేయించవచ్చా? నొప్పుల గదిలో నన్ను ఉండనిస్తారా? అక్కడ వేన్నీళ్ళు దొరుకుతాయా? దొరకవంటే ఫ్లాస్కునిండా వేన్నీళ్ళు, రెండు మెత్తని తువ్వాళ్ళు సంచిలో సర్దుకోండి. చంటివాడి బట్టలు ఎవరైనా సర్దుతారు, తల్లి సుఖం సంగతే అందరూ మరిచిపోతారు.