సంతకానికీ సీటుకీ మధ్య

ఆగస్టు వచ్చిందంటే ఫార్ములా వన్ కార్లు కొన్ని వారాలపాటు కదలవు. నిబంధనల ప్రకారం జట్ల కర్మాగారాలు కూడా ఆ నెలలో కొన్నాళ్ళు మూతబడతాయి. ఇక ఆడేవి నాలుకలే. ఏ డ్రైవరు ఏ జట్టుకు పోబోతున్నాడు, ఎవరి ఒప్పందంలో ఏ షరతు దాగి ఉంది, ఎవరి మేనేజరు ఎవరితో మంతనాలాడుతున్నాడు, ఇవే వార్తలు. ఆ ఆటను అనుసరించేవాళ్ళు ఈ కాలాన్ని ‘సిల్లీ సీజన్’ అంటారు. వెర్రి ముచ్చట్లు, పట్టించుకోనక్కర్లేదు అనే తేలికభావం ఆ పేరులోనే ఉంది.

నా అభిప్రాయం వేరు. ఈ ఊహాగానాలు వెర్రివీ కావు, నిరపాయకరమైనవీ కావు. ఒప్పందాలను గుట్టుగా ఉంచే పద్ధతిలోంచి ఇవి పుడతాయి. వీటివల్ల లాభపడేవాళ్ళు ఉన్నారు, దెబ్బతినేవాళ్ళూ ఉన్నారు. దెబ్బతినేది దాదాపు ప్రతిసారీ బేరమాడే శక్తి లేనివాడే. ఆ సంగతిని కొన్ని ఉదాహరణలతో చెప్పాలని ఈ ప్రయత్నం.

ముందుగా పరిమాణం గుర్తుంచుకోవాలి. 2025 వరకు ఫార్ములా వన్‌లో ఉన్నవి 10 జట్లు, 20 సీట్లు. 2026లో కాడిలాక్ చేరడంతో అవి 11, 22 అయ్యాయి. ప్రపంచం మొత్తానికీ అంతే. ఒకడు కదిలితే మరొకడు కదలక తప్పదు. మన బడి పిల్లలు ఆడే కుర్చీలాట లాంటిదే ఇది. తేడా ఏమిటంటే, ఇక్కడ పాట ఎప్పుడు ఆగుతుందో కొందరికి ముందే తెలుసు, మిగిలినవారికి తెలియదు.

ఈ వ్యవహారానికంతటికీ మూలకథ అనదగ్గది 1991 నాటిది. ఆ ఏడాది ఆగస్టులో జోర్డాన్ జట్టు డ్రైవరు బెర్ట్రాండ్ గాషో లండన్‌లో ఒక టాక్సీ డ్రైవరుపై బాష్పవాయువు చల్లిన నేరానికి జైలు పాలయ్యాడు. ఖాళీ అయిన ఆ సీటులో బెల్జియంలోని స్పా పందేనికి మైఖేల్ షుమాకర్ అనే కొత్త కుర్రవాణ్ణి కూర్చోబెట్టారు. అర్హతా పోటీలో ఏడో స్థానం సాధించాడు, పందెంలో మాత్రం మొదటి చుట్టులోనే కారు మొరాయించింది. అయినా చూడవలసినవాళ్ళు చూశారు. రెండు వారాల తరువాత మోంజాలో అతడు బెనెటన్ కారులో ప్రత్యక్షమయ్యాడు. జట్టు యజమాని ఎడ్డీ జోర్డాన్ కోర్టుకు వెళ్ళి ఓడిపోయాడు. షుమాకర్ సంతకం చేసిన లేఖలో ‘ది’ అని ఉండవలసిన చోట ‘ఎ’ అని మార్చి ఉండడమే కొంప ముంచిందని ఆయనే తరువాత చెప్పుకున్నాడు. అంటే, ఫలానా ఆ ఒప్పందంపైనే సంతకం చేస్తానన్న వాగ్దానం, ఏదో ఒక ఒప్పందంపై సంతకం చేస్తానన్న వాగ్దానంగా మారిపోయింది. ఇంగ్లీషు వ్యాకరణంలో ‘ఆర్టికల్స్’ దగ్గర తడబడని తెలుగువాడు అరుదు. ఆ ఒక్క అక్షరం ఖరీదు ఏమిటో తెలుసుకోవాలంటే ఈ కథ చాలు.

అయితే ఈ కథలో అందరూ మరచిపోయే మనిషి ఒకడున్నాడు. పేరు రొబెర్టో మొరెనో, బ్రెజిల్ దేశస్థుడు. షుమాకర్‌కు చోటివ్వడానికి బెనెటన్ తొలగించింది ఇతణ్ణే. స్పాలో షుమాకర్ కారు ఆగిపోయిన ఆ పందెంలోనే మొరెనో నాలుగో స్థానంలో ముగించాడు, అందరికన్నా వేగవంతమైన చుట్టు కూడా అతనిదే. చేతిలో ఒప్పందం ఉంది కనుక ఇటలీలో న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు, అక్కడ అనుకూలమైన ఉత్తర్వూ సంపాదించాడు. చివరికి జరిగిందేమిటి? పరిహారం పుచ్చుకుని తప్పుకుని, షుమాకర్ ఖాళీ చేసిన జోర్డాన్ సీటులో రెండు పందేలు నడిపాడు. ఆ తరువాత అదీ పోయింది. న్యాయం అతని పక్షాన ఉంది, సీటు మాత్రం లేదు. ఈ ఆటలో ఒప్పందం సీటుకు హామీ కాదు, వీడ్కోలుకు నిర్ణయించిన వెల మాత్రమే అన్న సంగతి అప్పుడే తేలిపోయింది.

ఈ రభస తరువాత 1992లో ‘కాంట్రాక్ట్ రికగ్నిషన్ బోర్డు’ ఏర్పడింది. ఒప్పందాల గుర్తింపు మండలి అందాం. జెనీవాలో న్యాయనిపుణులు కూర్చుని, ఒకే డ్రైవరుపై రెండు జట్లు హక్కు చెప్పుకున్నప్పుడు ఏ కాగితం చెల్లుతుందో తేలుస్తారు. మంచి ఏర్పాటే. 2004లో జెన్సన్ బటన్ బి.ఎ.ఆర్. జట్టును వదిలి విలియమ్స్‌కు పోతున్నానని ప్రకటించినప్పుడు, ఈ మండలి బి.ఎ.ఆర్. పక్షాన తీర్పు చెప్పి అతణ్ణి కదలనివ్వలేదు. మరుసటి ఏడాది సంగతి ఇంకా వింత. 2006కు విలియమ్స్‌తో ఒప్పందం చేసుకున్న బటన్, ఇప్పుడు పోనంటే పోనన్నాడు, తన స్వేచ్ఛను డబ్బిచ్చి కొనుక్కున్నాడు. హోండాగా, ఆపై బ్రాన్‌గా పేర్లు మార్చుకున్న అదే జట్టులో 2009లో ప్రపంచ విజేత అయ్యాడు కూడా. అతని చేతిలో డబ్బుంది, పేరుంది, అతడు కావాలనే జట్లు ఉన్నాయి కనుక ఇది సాధ్యపడింది.

2022లో ఈ మండలి మళ్ళీ వార్తలకెక్కింది. జులై చివర సెబాస్టియన్ వెటెల్ విరమణ ప్రకటించాడు. ఆగస్టు 1న అతని ఆస్టన్ మార్టిన్ సీటులోకి ఫెర్నాండో అలొన్సో వెళ్తున్నాడని తెలిసింది. మరునాడే అలొన్సో జట్టు ఆల్పీన్, తమ రిజర్వు డ్రైవరు ఆస్కార్ పియాస్త్రిని 2023కు తీసుకుంటున్నామని ప్రకటించింది. కొన్ని గంటల్లోనే పియాస్త్రి, నేను సంతకం చేయలేదు, ఆ జట్టుకు నడపబోవడం లేదు అని లోకానికి చాటాడు. సెప్టెంబరు 2న తీర్పు వచ్చింది. జులై 4న మెక్లారెన్‌తో చేసుకున్నదే చెల్లే ఒప్పందమని అందులో తేల్చారు. చాలామంది దీన్ని బలవంతుడైన యజమానిపై కుర్రవాడి విజయంగా చెప్పుకున్నారు. సగం నిజం. మిగతా సగం పేరు డానియల్ రికార్డో. మెక్లారెన్‌తో 2023 చివరివరకు ఒప్పందం ఉన్న మనిషి. తన సీటుకు మరొకరు జులై మొదటి వారంలోనే సంతకం చేసి ఉన్నారు. అతని నిష్క్రమణను జట్టు ప్రకటించింది ఆగస్టు 24న. పియాస్త్రి ఒప్పందం చెల్లుతుందా లేదా అని చూసే మండలికి, రికార్డో ఒప్పందం ఏమవుతుందన్నది ప్రశ్నే కాదు.

ఈ రికార్డో జీవితాన్నే వరుసగా చూస్తే ఆట స్వభావం బోధపడుతుంది. అతడు ఫార్ములా వన్‌లో అడుగుపెట్టింది 2011 బ్రిటిష్ పందెంలో, హెచ్.ఆర్.టి. జట్టులో. ఎవరిని పక్కనబెట్టి? మన నారాయణ్ కార్తికేయన్‌ని. రెడ్ బుల్ తమ కుర్రవాడి అనుభవం కోసం ఆ సీటు సంపాదించింది. కార్తికేయన్ ఆ ఏడాది మళ్ళీ నడిపింది ఒకే ఒక్క పందెం, అక్టోబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన మొట్టమొదటి ఇండియన్ గ్రాండ్ ప్రీ. దానికోసం ఆ వారానికి తప్పుకున్నవాడు మరో డ్రైవరు, విటాంటోనియో లియుజ్జి. 2023లో నిక్ డి వ్రీస్‌ని పది పందేలకే తీసేసి ఆల్ఫాటౌరీ సీటును రికార్డోకిచ్చారు. 2024 సెప్టెంబరులో రికార్డోని తీసేసి లియామ్ లాసన్‌కిచ్చారు. ఆ డిసెంబరులో లాసన్‌ని పెద్ద జట్టుకు పైకి తీసుకున్నారు, 2025లో రెండంటే రెండు పందేల తరువాత కిందికి దించి యుకి సునోడాని ఎక్కించారు. 2026కు సునోడా సీటు కూడా ఇసాక్ హజార్‌కు వెళ్ళిపోయింది. ఇందులో ఎవరినీ దుర్మార్గులని అననక్కర్లేదు. పక్కవాడి స్థానంలో కూర్చున్న ప్రతివాడూ తన స్థానం పక్కవాడికి ఇచ్చినవాడే.

సంతకాల విలువ గురించి మరో రెండు మాటలు. 2024 జూన్‌లో రెడ్ బుల్ సెర్జియో పెరెజ్ ఒప్పందాన్ని 2026 వరకు పొడిగించింది. ఆ డిసెంబరులోనే సెలవు చెప్పేసింది. ఆల్పీన్ 2025 సంవత్సరానికి జాక్ డూహన్‌ని ప్రకటించింది. జనవరిలోనే ఫ్రాంకో కొలపింటోని రిజర్వుగా తెచ్చి పెట్టింది. ఆనాటి నుంచి డూహన్ ఎన్నాళ్ళుంటాడన్నదే చర్చ. ఆరు పందేల తరువాత అతని స్థానంలో కొలపింటో వచ్చాడు. సీజన్లో మొదటి పందెం నడపకముందే నీ స్థానంలోకి ఎవరు వస్తారన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిన కుర్రవాడు, మలుపు దగ్గర బ్రేకు ఎంత ఆలస్యంగా వేయాలన్న దానిమీద మనసు నిలపగలడా?

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. ఊహాగానం వట్టి కబురు కాదు, బేరసారాల్లో అదొక ఆయుధం. పెద్ద డ్రైవరు పేరు మరో జట్టుతో కలిపి వినబడితే అతని ధర పెరుగుతుంది. చిన్న డ్రైవరు స్థానంలో మరో పేరు వినబడితే అతని ధర పడిపోతుంది. 2025 వేసవిలో మాక్స్ వెర్‌స్టాపెన్ మెర్సిడెస్‌కు వెళ్తాడని నెలల తరబడి రాశారు. వెర్‌స్టాపెన్‌కు 2028 వరకు ఒప్పందం ఉంది. అదే సమయంలో మెర్సిడెస్‌లో జార్జ్ రసెల్ ఒప్పందం ఆ ఏడాది చివరితో ముగుస్తోంది. కెనడాలో గెలిచాడు, సింగపూర్‌లోనూ గెలిచాడు. అయినా మరుసటి ఏటికి అతడు ఉంటాడన్న ప్రకటన అక్టోబరు మధ్యలో గాని రాలేదు. వదంతి ఒకరిమీద, నిరీక్షణ మరొకరికి.

బలవంతులు గుట్టును ఎంత చక్కగా వాడుకోగలరో హామిల్టన్ ఉదంతం చూపిస్తుంది. 2023 ఆగస్టులో మెర్సిడెస్‌తో 2025 చివరివరకు కొత్త ఒప్పందం ప్రకటించారు. అందులో ఏడాదికే బయటపడే వెసులుబాటు ఉందని లోకానికి తెలిసింది 2024 ఫిబ్రవరి 1న, అతడు 2025 నుంచి ఫెరారీకి నడుపుతాడని ప్రకటించినప్పుడే. మెర్సిడెస్‌కు దెబ్బే, కాని అది పెద్ద జట్టు, తట్టుకుంది. సీటు పోయింది కార్లోస్ సైంజ్‌కి. మార్చిలో అపెండిక్స్ శస్త్రచికిత్సకు ఒక పందెం మానుకుని, రెండు వారాలకే మెల్‌బోర్న్‌లో గెలిచాడు. గెలిచినరోజున కూడా అతనికి మరుసటి ఏటి సీటు లేదు. విలియమ్స్‌తో ఒప్పందం ప్రకటన జులై చివర గాని రాలేదు. ప్రతిభకు తగిన ఫలం దక్కుతుందన్న మాటను ఈ ఒక్క సంవత్సరం ముందు పెట్టి పరీక్షించుకోవచ్చు.

మరి ఏం చేయాలి? ఒప్పందాలు తెంచుకోకుండా చట్టం చేయమని నేననను. ఇష్టంలేని మనిషిచేత మూడువందల కిలోమీటర్ల వేగంతో కారు నడిపించడం కుదిరే పనికాదు. నేను కోరేది చిన్నది. ప్రతి డ్రైవరు ఒప్పందం ఏ సంవత్సరంతో ముగుస్తుందో, పొడిగించే హక్కు ఎవరి చేతిలో ఉందో, ఆ హక్కును ఏ తేదీలోగా వాడుకోవాలో, మధ్యలో బయటపడే షరతు ఉందో లేదో, ఈ నాలుగు సంగతులను బహిరంగంగా ప్రకటించాలి. జీతం చెప్పనక్కర్లేదు, షరతుల లోతుపాతులూ చెప్పనక్కర్లేదు. ఒప్పందాల పరిశీలనకు జెనీవాలో ఒక మండలి ఉండనే ఉంది. అదే ఈ చిట్టాను నడపవచ్చు.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. వ్యాపార రహస్యం అంటారు. ఫుట్‌బాల్ ఆటగాడి ఒప్పందం ఏ ఏడు ముగుస్తుందో దాన్ని చూసే పిల్లలకు కూడా తెలుసు, ఆ ఆట వ్యాపారం ఏమీ చెడలేదు. మన ఐ.పి.ఎల్.లో ఆటగాడి ధరను సుత్తి కొట్టి మరీ చెబుతారు, మనిషికి వెలకట్టే ఆ తంతు నాకంతగా రుచించకపోయినా, అందులో అందరికీ ఒకే సమాచారం ఉంటుందన్న మాట ఒప్పుకోవాలి. ఫార్ములా వన్‌లో మాత్రం ‘మల్టీ ఇయర్’ అనే మాట ఒకటి కనిపెట్టారు. ఎన్ని ఏళ్ళని అడిగితే నవ్వు ఒక్కటే జవాబు. రెండేళ్ళూ మల్టీ ఇయరే, అయిదేళ్ళూ మల్టీ ఇయరే, ఏడాదికే తెగిపోయే రెండేళ్ళు కూడా మల్టీ ఇయరే.

డ్రైవర్లే ఈ గుట్టును కోరుకుంటారన్నది రెండో అభ్యంతరం. కొందరు కోరుకుంటారు, నిజమే. వాళ్ళు హామిల్టన్‌లు, వెర్‌స్టాపెన్‌లు. మొరెనోని, డూహన్‌ని ఎవరైనా అడిగారా? తన సీటు కింద ఎంత నేల ఉందో తెలుసుకునే హక్కు నడిపేవాడికి ఉండాలి. పక్క సీటు ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలిస్తే, వీధిన పడబోయేవాడు కొన్ని నెలలు ముందుగా మరో తలుపు తట్టగలడు. ఈ ఆటలో ఆ కొన్ని నెలలే బ్రతుకుతెరువుకూ అజ్ఞాతానికీ మధ్య తేడా.

చిట్టా బహిరంగమైతే ఊహాగానాలు ఆగిపోతాయని నేననుకోను. అభిమానికి ఊహించుకోవడం ఒక సరదా, దాన్ని ఎవరూ కాదనలేరు. కాని ఎవరు ఎక్కడికి వెళ్తే బాగుంటుందని ఊహించుకోవడం వేరు, ఉన్నవాణ్ణి మెల్లగా ఊడబెరకడానికి కబుర్లు నాటడం వేరు. ఇప్పుడు ఆ రెంటినీ విడదీసి చూడడానికి మనకు ఏ ఆధారమూ లేదు. ఫలానా వాడు పోతున్నాడట అన్న వార్త ఈసారి కంటబడినప్పుడు, ఎక్కడికి అని అడిగే ముందు, అక్కడ ఇప్పుడు కూర్చున్నది ఎవరు, ఈ మాట ఎవరికి పనికివస్తోంది అని అడిగి చూడండి. ఆ వార్తలో పేరు లేని మనిషి ఒకడు తప్పకుండా కనిపిస్తాడు.